జెల్లల కిటికీ

మొదటి ఈడ్పు

ప్రతి ఈడ్పు తర్వాతా వల చూసే మనిషి నాలుగు ముక్కలు రాసి పెట్టాలని నీళ్ల మీద తేలే మా తెప్పలపేట రూలు. నాలుగు ముక్కలతో ఆగే రకాన్ని కాదని తెలిసీ ఈ పని నాకే అప్పగించారు కాబట్టి సీజను ముగిశాక ఇవి చదివేవాళ్లే ఓపిక పట్టాలి. నా పేరు గనగళ్ల మరిడమ్మ. వల దించేవాళ్లూ లాగేవాళ్లూ వేరే ఉన్నారు. నీళ్ల అడుగున వలలో ఏం జరుగుతోందో తెర మీద చూసేది నేను.

పొద్దున్నే బోటుకి కరెంటిచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. తుడవకపోతే మధ్యాహ్నానికి మోటారు నీరసపడుతుంది. తర్వాత కెమెరాల అద్దాలకి పట్టిన నాచు గీకాను. మా వలకి రెండు కళ్లు. ఒకటి వల నోటి దగ్గర, ఇంకొకటి పైన కిటికీ దగ్గర. బోటు నడిపే సరంగు మైలపల్లి ఎల్లాజీ నాకు వరసకి అన్న. ఆయనకి ఓపిక తక్కువ.

"ఒలే మరిడీ, పెళ్లికూతుర్ని ముస్తాబు సేసినట్టు ఎంతసేపు తుడుత్తావే ఆ అద్దాలు? పొద్దెక్కిపోతన్నాది."

"నీ మొకం ఆటిలో పడితే సేపలు జడుసుకుంటాయన్నియ్యా. అందుకే బాగా తుడుత్తన్నాను."

వేటకి అనుమతులిచ్చే గట్టు మీది సభవాళ్లు ఒక్కో తెప్పల ఊరికి ఒక్క బోటు, ఏడాదికి ఒక్క సీజను ఇస్తారు. పోయినేటి దాకా మాకు గాలాలే తప్ప వల ఇవ్వలేదు. ఈ ఏడు ఇచ్చారు, అదీ నా వల చూశాక. షరతు ఒక్కటే, జెల్ల చేప అన్నది డెక్కు మీద కనిపించకూడదు. ముత్తాతల కాలంలో జెల్లలు ఈ తీరంలో కుప్పలుగా దొరికేవట. గుడ్లు మోసే రోజుల్లో కూడా ఊడ్చుకుపోతే ఏం మిగులుతుంది, తుడిచిపెట్టుకుపోయాయి. మా మేనత్త కాసులమ్మ ఎక్కడో దక్షిణాన మిగిలిన కాసిని చేపల్ని తెప్పించి, ఊరి చివరి తెప్ప మీద తొట్టెలు కట్టి, తన వయసంతా వాటికే ధారపోసి మళ్లీ సముద్రంలోకి వదిలింది. ఇప్పుడు ఈ నీళ్లలో ఉన్న జెల్ల ప్రతిదీ అత్త పెంచినదే, కాకపోతే దాని సంతానం.

పాత వలలు అడుగున ఉన్నదంతా లాక్కొచ్చి డెక్కు మీద పోసేవి. ఏరడం ఆ తర్వాత. ఏరేసరికి అన్నీ చచ్చేవి. నా వలలో ఏరుకునే పని చేపదే. నేల మీద గొలుసులు ఈడ్చుకుంటూ వస్తుంటే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ముకి బెదిరి చేపలు వల నోటి ముందు పడి, వలతోపాటే ఈదుతూ పోతాయి. అలిసిపోయాక దేని స్వభావం దానిది. రొయ్య చిటుక్కున ఎగిరి మళ్లీ అడుగునే పడుతుంది. గులివింద చేప తన మీసాలతో నేలని వదలదు. నాలుక చేప ఇసకకి అతుక్కుంటుంది. జెల్ల మాత్రం అలిసిన మరుక్షణం పైకి లేస్తుంది. అందుకని వల నోట్లో అడ్డంగా జల్లి అనే వల తెర ఒకటి పరిచి రెండంతస్తులు చేశాను. కింది అంతస్తులోకి వెళ్లినవి సంచిలో పడతాయి. పై అంతస్తులోకి వెళ్లినవి కిటికీలోంచి సముద్రంలోకి పోతాయి. జల్లి అంచున దీపాలున్నాయి. ఏ చేప వస్తోందో, ఎప్పుడు లేస్తుందో చూసి ఆ దీపాల్ని వెలిగించే యంత్రానికి చేపల నడత నేర్పింది నేనే, మా అత్త తొట్టెల్లో.

ఈ రోజు డెక్కు మీద పడింది రొయ్య, గులివింద, నాలుక చేప. జెల్ల ఒక్కటీ లేదు. కిటికీ కెమెరా లెక్కలో మాత్రం జెల్లలే జెల్లలు. ఊళ్లో చప్పట్లు కొట్టారు. దీన్ని మరిడి వల అంటున్నారు. పక్కనున్న తెప్పల ఊళ్లు నాలుగూ అచ్చం ఇలాంటిదే నేసుకుంటామని కబురు పెట్టాయి. నా కళ్లు నెత్తికెక్కాయని వేరే చెప్పాలా?

అత్తకి రొయ్యలు పట్టుకెళ్తే గిన్నె వైపు చూడనైనా లేదు.

"నా జెల్లలు కిటికీలోంచి పోనాయా?"

"అన్నీ పోనాయత్తా. నవ్వుకుంటా పోనాయి."

"సేపలు నవ్వుతాయేటే కోడలా," అని తనే నవ్వింది.

మూడో ఈడ్పు

రొయ్యలు కడుగుతుంటే చేతికి గోళీ అంత గుడ్డు తగిలింది. పసుపుపచ్చగా ఉంది. లోపల రెండు నల్లటి చుక్కలు, అవి కళ్లు. జెల్ల గుడ్డు.

జెల్లల్లో గుడ్లు మోసేది మగది. ఆడది పెట్టేసి తన దారిన తాను పోతుంది. మగది ఆ గుడ్లని నోట్లో పెట్టుకుని, అవి పిల్లలై ఈదేదాకా తిండి మానేసి తిరుగుతుంది. మావాళ్లు దాన్ని నోటితండ్రి అంటారు. నోటితండ్రి చేతికి తగిలితే ఆ క్షణమే తల సముద్రం వైపు పెట్టి, "ఎల్లిరా నాయనా" అని వదిలెయ్యాలి. తొట్టెల్లో కూడా నోరు నిండిన మగదాన్ని విడిగా పెట్టి పైన గోనె కప్పుతారు. తొంగి చూడరు. అక్కడ గట్టిగా మాట్లాడరు. పిల్లలం అటువైపు పరిగెత్తితే అత్త చెవి మెలిపెట్టేది.

గుడ్డుని ఎవరూ చూడకముందే నీళ్లలోకి విసిరేశాను. ఎందుకలా చేశానో అప్పుడు నాకే తెలియదు. చెయ్యి తనంతట తాను చేసింది.

తర్వాత వల నోటి కెమెరా బొమ్మలు వెనక్కి తిప్పి చూశాను. అంతదాకా కిటికీ బొమ్మలే చూసి మురుస్తూ కూర్చున్నాను. వల ముందు జెల్లల గుంపు ఈదుతోంది. అలిశాయి, ఒక్కొక్కటీ పైకి లేచాయి. ఒకటి మాత్రం లేవలేదు. గొంతు ఉబ్బి ఉంది, దవడ బిగించి ఉంది. నోటి నిండా బరువుతో అది నేలకి దగ్గరగానే ఈదుతోంది. వెనకబడింది, జల్లి కిందికి జారి కింది అంతస్తులో పడింది. అక్కడ మొప్పలు కొట్టుకున్నాయి. ఊపిరి కావాలంటే నోట్లోంచి నీళ్లు ఆడాలి, నోరేమో నిండి ఉంది. చాలాసేపు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేక నోరు తెరిచింది. గుడ్లన్నీ జలజలా రాలి వల కన్నాల్లోంచి బురదలోకి పోయాయి. నోరు ఖాళీ అవగానే దానికి మామూలు జెల్ల బుద్ధి వచ్చింది. జల్లి అంచు చుట్టి పైకి లేచింది, కిటికీలోంచి వెళ్లిపోయింది. యంత్రం దాన్ని బతికి బయటపడ్డ జెల్లగా లెక్క రాసుకుంది.

మళ్లీ మళ్లీ చూశాను. యంత్రానికి నేర్పేటప్పుడు నేను వాడినవన్నీ నోరు ఖాళీగా ఉన్న జెల్లలే. నోటితండ్రిని తరిమి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. రాకుండానే పెంచారు మమ్మల్ని. అంత మర్యాదా ఇచ్చి, అది ఎలా ఈదుతుందో తెలుసుకోకుండానే వల నేశాను.

ఒక్క చేపని చూసి ఏం తేలుస్తాం అని నాకు నేను చెప్పుకున్నాను. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఎల్లాజీ అన్నియ్య "ఏటే, మొకం అలగున్నాది?" అంటే కడుపునొప్పన్నాను.

ఆరో ఈడ్పు

ఒక్క చేప కాదు. ప్రతి నోటితండ్రిదీ అదే కథ. అన్నీ కిటికీలోంచి క్షేమంగా పోతున్నాయి, ఖాళీ నోళ్లతో.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పిల్ల చేపల్ని చూడటానికి వెళ్లినవాళ్లు ఈ ఏడు జెల్ల పిల్ల ఒక్కటీ కనబడలేదని చెప్పారు. పోయినేడు అదే చోట నీళ్లు నల్లగా కనిపించేంత గుంపులున్నాయి. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. తొట్టెల్లో పెరిగిన చేపలకి బిడ్డల్ని సాకడం ఏం తెలుస్తుంది, గుడ్లని మింగేస్తున్నాయేమో, విత్తనమే పుచ్చిందేమో అని. ఎవరో వల వల్లేమోనన్నారు. ఎల్లాజీ అన్నియ్య వాళ్ల మీద ఇంతెత్తున లేచాడు.

"ఒక్క జెల్ల డెక్కు మీదకొచ్చిందేటి? మరిడీ, నువ్వు సెప్పు!"

అందరూ నా వైపు తిరిగారు. "కిటికీ లెక్క సూసుకోండి" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంత నీచమైన మాట నా నోట ఇంకెప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం అత్త అన్నానికి పిలిచింది. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. రొయ్యల ఇగురు వండింది, నా వలలో పడ్డ రొయ్యలే. వడ్డిస్తూ అంది:

"నానేటి తప్పు సేసినానో తెలీడం నేదే కోడలా. మేత మార్సినాను, అదా? నీళ్లలో ఉప్పు తగ్గినాదా? నువ్వు సదూకున్నదానివి గదా, ఒకపాలి సూసి సెప్పు."

సరే చూస్తానన్నాను. తొట్టెల నీళ్లు గాజుసీసాలో పట్టుకుని వచ్చాను కూడా. దేనికోసం? తప్పు లేని నీళ్లలో తప్పు వెతకడానికి. అన్నం పారెయ్యకూడదని ఆఖరి ముద్ద దాకా తినేశాను. నిజం చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. బోటు కట్టేస్తారు, మరిడి వల అన్న పేరు తిట్టవుతుంది. చెప్పకపోతే అత్త పని పోతుంది. తూకం వేసుకుని, నాకు నేనే ఎక్కువ తూగాను.

ఎనిమిదో ఈడ్పు

చెప్పకుండానే బాగుచేసేద్దామనుకున్నాను. అలా అయితే ఎవరికీ నష్టం ఉండదు, ముఖ్యంగా నాకు.

బోటు నెమ్మదిగా నడపమన్నాను. నోటితండ్రి అలవకపోతే నోరు తెరవదు కదా అని. నెమ్మదిస్తే వల బురదలో కూరుకుపోయింది.

"ఏటమ్మా, గంగమ్మ తల్లికి దండాలెట్టుకుంటా నడపమంటావేటి బోటు?" అని ఎల్లాజీ అన్నియ్య పళ్లు నూరి మళ్లీ వేగం పెంచాడు.

ఇంకో ఎత్తు వేశాను. దీపాలు కాంతి పెంచి నేల వైపు తిప్పాను, కింద ఉన్న నోటితండ్రి వెలుగుకి జడిసి పైకి లేస్తుందని. జడిసింది. లేవలేదు. ఇంతకు ముందు కింది అంతస్తులో పడ్డాకే గుడ్లు వదిలేవి, ఈసారి వల నోటి ముందే, వెలుగు పడగానే వదిలేశాయి. వెలుగు లేకపోతే కొన్నయినా గుడ్లతోనే పక్కకి తప్పించుకుపోయేవేమో. ఆ అవకాశం కూడా నేనే తీసేశాను. తెర ముందు కూర్చుని ఒక్కొక్క నోరూ తెరుచుకోవడం చూశాను. దీపాలు ఆర్పెయ్యాలని తోచేసరికి ఈడ్పు అయిపోయింది.

ఇది పొరపాటు కాదు. మొదటిది పొరపాటు. ఇది నేను చేసిన పని.

ఈడ్పు లేని రోజు

పెద్ద తెప్ప మీద ఊరంతా కూడారు. ఎండ మండిపోతోంది, పందిరి గుడ్డలు కట్టారు. అత్త తొట్టెల్ని మంచినీళ్లకి వాడుకుందామని పెద్దలు తేల్చారు. కోపంగా కాదు, మర్యాదగానే చెప్పారు. ఇన్నాళ్లు కష్టపడ్డావు కాసులమ్మా, ఇక విశ్రాంతి తీసుకో అన్నారు.

అత్త లేచి నిలబడింది. ఆమె అంతమంది ముందు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"నా సేపలకి తండ్రితనం నేర్పనేకపోనాను. తప్పు నాదే. ఉన్న నోటితండ్రుల్ని సంద్రంలో వదిలీసి తొట్టెలు ఖాళీ సేసి ఇచ్చెత్తాను. ఒక్కపాలి బోటు ఇప్పించండి."

నేనూ లేచాను. అందరూ చూస్తున్నారు. కుండ దగ్గరికి నడిచి, నీళ్లు తాగి, వచ్చి కూర్చున్నాను.

పన్నెండో ఈడ్పు

అత్త పెద్ద డబ్బాల్లో నోటితండ్రుల్ని ఎక్కించింది, ఒక్కొక్కదానికీ గోనె కప్పి. డబ్బాల్లో పట్టని నాలుగింటిని తొట్టెలోనే ఉంచింది, ఇంకోసారి తీసుకెళ్దామని. నడిసముద్రంలో ఒక్కొక్కటే రెండు చేతుల్తో దించి, "ఎల్లిరా నాయనా" అంటూ వదిలింది. బోటువాళ్లంతా తలగుడ్డలు తీసి నిలబడ్డారు.

అవి వెళ్లాక ఎల్లాజీ అన్నియ్య వల దింపమన్నాడు. ఉత్త చేతుల్తో ఊరికి ఎలా పోతామన్నాడు. ఇక్కడొద్దు అన్నియ్యా అన్నాను. ఎందుకని అడిగాడు. వెళ్లి తెర ముందు కూర్చున్నాను. వల దిగింది.

అత్త వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఒకపాలి సూపించే కోడలా. ఇంక మళ్లా సూడను గదా."

తెర మీద వల నోటి కెమెరా ఉంది. చటుక్కున కిటికీ కెమెరాకి మార్చాను. అదొక్కటే తోచింది. కాసేపటికి కిటికీలోంచి జెల్లలు బయటికి రావడం మొదలుపెట్టాయి. అత్త చిన్నపిల్లలా ముందుకి వంగింది. "అదిగో, తోక మీద మచ్చున్నాది సూడు, అది నాదే. ఇందాకే వదిలినాను. పోనాది, పోనాది!" అంది. నాకూ ఊపిరి వచ్చింది.

అంతలో ఆమె వేలు తెర మీద ఆగిపోయింది.

"దీని గొంతేటి, ఇలగ అణిగిపోనాది?"

నా చెయ్యి కెమెరా మార్చే మీట దగ్గరికి పోయింది.

"ఇందాక నా సేతుల్తో దింపినాను గదే. నోరు నిండా ఉన్నాది. ఏటి సేసినాది పిల్లల్ని?"

మీట నొక్కాను. వల నోటి కెమెరా వచ్చింది. ఇంకో నోటితండ్రి జల్లి కింద మొప్పలు కొట్టుకుంటోంది. అత్త కళ్ల ముందే అది నోరు తెరిచింది. అత్త చేతులు చాపి తెర కింద దోసిలి పట్టింది. పట్టినట్టు తనకి తెలిసి ఉండదు.

"అన్నియ్యా, బోటు ఆపు!" అని అరిచాను. మోటారు ఆగింది. ఎల్లాజీ అన్నియ్య పరిగెత్తుకొచ్చాడు. అందరి ముందూ చెప్పేశాను, గుడ్డు విసిరెయ్యడం, దీపాలు తిప్పడం, అన్నీ. ఎల్లాజీ అన్నియ్య నెత్తి పట్టుకుని తాళ్ల మీద కూలబడ్డాడు.

అత్త మాత్రం ఒక్కటే అడిగింది.

"ఎప్పుణ్నుంచి తెలుసు నీకు?"

"మూడో ఈడ్పు కాణ్నించి."

"అంటే మా ఇంటికి అన్నానికొచ్చినప్పుడు తెలుసు."

"తెలుసు."

"నాను తొట్టె నీళ్లిచ్చినప్పుడు తెలుసు."

"తెలుసత్తా."

ఆమె తెర వైపు నుంచి లేచి వెళ్లి బోటు అంచున కూర్చుంది. ఊరు చేరేదాకా ఖాళీ డబ్బాల మీది గోనెలు ఒక్కొక్కటే మడత పెట్టింది. కొట్టి ఉంటే బాగుండేది. తిట్టి ఉన్నా బాగుండేది.

బోటు కట్టేశాక

సభవాళ్లకి నేనే కబురు పెట్టాను. సీజను ఆగిపోయింది. ఊళ్లో కొందరు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు, కొందరు ఆ మాత్రం కూడా చెయ్యడం లేదు. అత్త తొట్టెల జోలికి ఎవరూ రాలేదు. పెద్దలు వెళ్లి క్షమించమని అడిగారట. ఇప్పుడా తొట్టెల్లో ఏముందని, ఆ నాలుగు నోటితండ్రులు తప్ప.

అప్పటికే ఈ వల నేసుకుని దించుతున్న పక్క ఊళ్లు నాలుగింటికీ ఇక దించొద్దని చెప్పాం. రెండు ఊళ్లు ఆపాయి. మిగతా రెండూ, జెల్ల ఒక్కటీ డెక్కు మీద పడటం లేదు కదా, ఎందుకు ఆపాలి అంటున్నాయి. లెక్క చూసుకోమంటున్నాయి. నా మాట నాకే తిరిగి చెప్తున్నాయి. వలని మారిస్తే మార్చుకుంటాం గానీ ఆపేది లేదంటున్నాయి.

వలని మార్చాలంటే దారి ఒక్కటే ఉంది. నోరు నిండిన జెల్ల ఎలా ఈదుతుందో, ఎక్కడ అలుస్తుందో, ఎప్పుడు కిందికి జారుతుందో యంత్రం చూడాలి. దాన్ని ముందే గుర్తుపడితే జల్లిని దించి దారి ఇవ్వగలదు. చూడాలంటే నోటితండ్రిని తరమాలి. ఆ మాట అత్తతో అనడానికి నాకు ముఖం చెల్లలేదు. ఎల్లాజీ అన్నియ్య వెళ్లి చెప్పాడు.

ఈ పొద్దున అత్త తనే పిలిపించింది. తొట్టెల పక్కన నీళ్లు గుండ్రంగా తిరిగే కాలువ దగ్గర యంత్రం కళ్లు అమర్చాను. అత్త గోనె తీసింది. ఆ గోనె పగటి వెలుగులో తీయడం నా పుట్టుకలో చూడలేదు. నోటితండ్రిని రెండు చేతుల్తో పట్టుకొచ్చి కాలువలో దించింది. ఈసారి "ఎల్లిరా నాయనా" అనలేదు. అత్త పక్కకి పోతుందనుకున్నాను. పోలేదు, అక్కడే నిలబడి కొంగు బిగించుకుంది.

నీళ్లు తిప్పాను. అది ఎదురు ఈదింది. వేగం పెంచాను. దవడ బిగించి ఈదింది. ఇంకా పెంచాను. నేలకి జారింది, మొప్పలు కొట్టుకున్నాయి. చాలాసేపు ఓర్చుకుంది. అంతసేపూ అత్త ఊపిరి వదల్లేదనుకుంటాను. ఆఖరికి చేప నోరు తెరిచింది.

నీళ్లు ఆపాను. అత్త కాలువలోకి చెయ్యి పెట్టి ఒక్కొక్క గుడ్డునీ తడిగుడ్డలోకి ఏరింది. నోట్లోంచి పడ్డ గుడ్డు బతకడం అరుదని ఆమెకి నాకంటే బాగా తెలుసు. అయినా ఒక్కటీ వదల్లేదు. నేను సాయం చెయ్యబోతే మోచేత్తో పక్కకి నెట్టింది.

"నేర్సుకున్నాదా నీ యంత్రం?"

"నేదత్తా. ఒక్కసారికి నేర్సుకోదు."

గోనె కింద మిగిలిన మూడింటి వైపు చూసింది. గుడ్డలో గుడ్లు మూటకట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

"ఇంకోటి తెమ్మంటావా?"

"తే" అన్నాను.